అరబ్బీ మాట్లాడే చిన్నపిల్లలకు మాట గ్రహణ పరీక్షను తయారు చేయడం: అడుగడుగునా సాగే మార్గదర్శి

వినికిడి లోపం ఉన్న నాలుగేళ్ల పాపకు యంత్రం పెట్టిన తర్వాత, ఏ పౌనఃపున్యం దగ్గర ఎన్ని డెసిబెల్స్ శబ్దం వినబడుతోందో ఆడియోమీటర్ చెబుతుంది. అయితే తల్లి "ఫార్" (ఎలుక) అన్నప్పుడు పాపకు "ఫార్" అనే వినబడిందా, "నార్" (నిప్పు) అని వినబడిందా అన్నది ఆ గీతల్లో కనబడదు. దాన్ని తెలుసుకోవడానికే మాట గ్రహణ పరీక్ష కావాలి. ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు 1970లో రాస్, లెర్మన్ తయారు చేసిన బొమ్మల పరీక్ష మొదలుకొని అలాంటివి చాలానే ఉన్నాయి. అరబ్బీలో కూడా ప్రయత్నాలు జరిగాయి. సౌదీ మాండలికంలో పిల్లల కోసం తయారు చేసిన మాటల పరీక్షను అషూర్, ప్రొఖాజ్కా 1985లోనే ప్రచురించారు. అయినా ఒక దేశంలో, ఒక మాండలికంలో తయారైన పరీక్ష మరో దేశంలో పనికిరాని సందర్భాలే ఎక్కువ కనుక, ఈ పనిని మళ్లీ మళ్లీ చేయవలసి వస్తూనే ఉంటుంది.

అరబ్బీ పిల్లలతో పనిచేసే తెలుగు శ్రవణ నిపుణులను, వాక్ చికిత్సకులను, ఆ రంగంలో చదువుకుంటున్నవారిని దృష్టిలో పెట్టుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఉదాహరణ అంతటా ఒకటే ఉంటే మంచిదని జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లోని 3 నుంచి 6 ఏళ్ల పిల్లలను తీసుకున్నాను. ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాసిన అరబ్బీ మాటలు ఉచ్చారణకు దగ్గరగా మాత్రమే ఉంటాయి. నాలుక వెనుక భాగాన్ని గొంతు వైపు లాగి పలికే నాలుగు "బరువు" హల్లులకు, గొంతు లోతులో పుట్టే హకారానికి, "ఐన్" అనే గొంతు హల్లుకు మన లిపిలో గుర్తులు లేవు. అవసరమైన చోట వాటిని వివరిస్తాను.

మొదటి అడుగు: ఏమి కొలుస్తున్నారో తేల్చుకోవడం

శ్రవణ పరిశోధకుడు నార్మన్ ఎర్బర్ వినికిడి నైపుణ్యానికి చెప్పిన నాలుగు మెట్లు ఇప్పటికీ ఉపయోగపడతాయి: శబ్దం ఉందని గుర్తించడం, రెండు శబ్దాలు వేరని పసిగట్టడం, విన్నది ఏ మాటో పోల్చుకోవడం, దాని అర్థాన్ని గ్రహించడం. ఒకే పరీక్షతో నాలుగింటినీ కొలవాలని చూస్తే ఏదీ సరిగ్గా కొలవలేం. మూడేళ్లు దాటిన పిల్లలకు మూడో మెట్టు సరైన గురి: మాట వినిపించి, నాలుగు బొమ్మల్లో దాని బొమ్మను చూపమనడం. అంతకన్నా చిన్నవారికి డేనియల్ లింగ్ ఎంచిన ఆరు ధ్వనులు (ఆ, ఈ, ఊ, మ, స, ష) చాలు. ఆ మూడు అచ్చులూ అరబ్బీ మూల అచ్చులే, మూడు హల్లులూ అరబ్బీలో ఉన్నవే, కాబట్టి ఈ ఒక్క పరికరాన్ని ఏ మార్పూ లేకుండా వాడుకోవచ్చు.

మిగిలినవాటిని అనువాదంతో తెచ్చుకోలేం. "మూన్", "స్పూన్" అనే ఇంగ్లీషు మాటలను ఒకే పుటలో పెట్టింది వాటి ధ్వనులు కలుస్తాయి కనుకనే. అరబ్బీలోకి మార్చగానే అవి "కమర్", "మల్అకా" అవుతాయి. బిడ్డ సగం వినికిడితోనే వాటి తేడా కనిపెట్టేస్తుంది, వచ్చిన మార్కుకు అర్థం ఉండదు.

రెండో అడుగు: ఏ అరబ్బీ?

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించవలసింది ఇక్కడే. అరబ్బీ సమాజంలో బడిలో, పుస్తకాల్లో, వార్తల్లో వాడే "ఫుస్‌హా" ఒకటి, ఇంట్లో మాట్లాడే "ఆమ్మియ్యా" మరొకటి. భాషావేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1959లో ఇలా ఒకే భాషకు రెండు రూపాలుండే ద్విభాషా స్థితిని (డైగ్లోసియా) నిర్వచించినప్పుడు తీసుకున్న ప్రధాన ఉదాహరణల్లో అరబ్బీ ఒకటి. పాలస్తీనా అరబ్బీ మాట్లాడే అయిదేళ్ల పిల్లల మాటలను సాయిఘ్-హద్దాద్, స్పోల్స్కీ పోల్చి చూస్తే, ఇంట్లోనూ ఫుస్‌హాలోనూ రూపం ఏమాత్రం మారకుండా ఉన్నవి దాదాపు ఐదో వంతే అని తేలింది. మిగిలినవాటిలో సుమారు సగం రూపం మారినవి, తక్కిన సగం పూర్తిగా వేరే మాటలు.

బడి గడప తొక్కని పిల్లవాణ్ణి ఫుస్‌హా మాటలతో పరీక్షిస్తే మనం కొలిచేది చదువును. "మార్జాలం ఎక్కడుందో చూపించు" అని మన మూడేళ్ల పిల్లను అడిగి, పిల్లి బొమ్మను చూపలేదు కనుక చెవిలో దోషం ఉందని రాయడం ఎంత అన్యాయమో ఇదీ అంతే. కాబట్టి పరీక్ష ఇంటి భాషలోనే ఉండాలి. అయితే ఏ ఇంటి భాష? పిల్లిని అమ్మాన్, డమాస్కస్ ప్రాంతాల్లో "బిస్సె" అంటారు, ఇరాక్‌లో "బజ్జూనా", కువైట్‌లో "గత్వా". "లబన్" అంటే ఈజిప్టులో పాలు, జోర్డాన్‌లో పెరుగు. "ఖష్మ్" గల్ఫ్ దేశాల్లో ముక్కు, సూడాన్‌లో నోరు. బొమ్మ చూపే పరీక్షలో ఇలాంటి మాట ఒక్కటి ఉన్నా, చక్కగా విన్న బిడ్డ తప్పు బొమ్మను చూపిస్తుంది.

ధ్వనుల్లోనూ ఇదే చిక్కు ఉంది. ఫుస్‌హాలో గొంతు వెనుక పలికే కకారం (అరబ్బీలో దాని పేరు "కాఫ్") కైరో, బీరూట్ నగరాల్లో కేవలం గొంతు బిగింపుగా మారింది, గల్ఫ్‌లో గకారమైంది. అమ్మాన్‌లో రెండూ వినిపిస్తాయి: స్త్రీల నోట గొంతు బిగింపు ఎక్కువ, యువకుల నోట చాలా సందర్భాల్లో గకారం. ఒకే ఇంట్లో బిడ్డ ఒకే మాటను తల్లి నుంచి ఒకలా, అన్న నుంచి మరోలా వింటుంది. అందువల్ల ఆ హల్లు ఉన్న మాటలను అమ్మాన్ పరీక్షలో అసలే చేర్చకూడదని నా గట్టి అభిప్రాయం. "కల్బ్" (కుక్క) ఉండవచ్చు, దానికి జంటగా ఫుస్‌హా పాఠాల్లో అందరూ చూపే, గొంతు వెనుక కకారంతో మొదలయ్యే "కల్బ్" (గుండె) ఉండకూడదు. ఆ జంట తెల్లకాగితం మీద ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

దీనికి మధ్యేమార్గం ఒకటుంది. ఇంట్లోనూ ఫుస్‌హాలోనూ ఒకేలా ఉండి, పక్క దేశాల్లోనూ చెల్లే మాటలను మొదట ఏరుకోవాలి: బాబ్ (తలుపు), ఫీల్ (ఏనుగు), తీన్ (అంజూరపండ్లు), తూత్ (మల్బరీ పండ్లు), షమ్స్ (సూర్యుడు). పరీక్షకు ఇవి వెన్నెముక అయితే, రేపు మరో ఊరికి తీసుకువెళ్లినప్పుడు మార్చవలసినవి తగ్గుతాయి.

మూడో అడుగు: మాటల సేకరణ

మాటలు పత్రికల నుంచి రాకూడదు. "అరలెక్స్" అనే నిఘంటు భాండాగారం పరిశోధకులకు ఎంతో విలువైనది, కానీ అది వార్తాపత్రికల ఫుస్‌హా మీద కట్టినది. అందులో తరచుగా వచ్చే "ప్రభుత్వం", "సమావేశం" వంటి మాటలతో మూడేళ్ల బిడ్డకు పనిలేదు. తల్లులతో, కిండర్‌గార్టెన్ టీచర్లతో కూర్చుని పిల్లల ఆటలను, భోజనాన్ని, స్నానాన్ని రికార్డు చేసి మాటలు పట్టుకోవాలి. పిల్లల మాటలను లెక్కించే మాక్‌ఆర్థర్-బేట్స్ ప్రశ్నావళికి అరబ్బీ మాండలికాల్లో వచ్చిన రూపాలు మంచి ప్రారంభం. అలా కనీసం 300 మాటలు పోగయ్యాక వడపోత మొదలవుతుంది.

వడపోతలో మొదటి జల్లెడ బొమ్మకు లొంగడం. "జమాల్" (అందం) పోతుంది, "జమల్" (ఒంటె) నిలుస్తుంది. రెండో జల్లెడ పిల్లలే. వినికిడి బాగున్న 20 మంది మూడేళ్ల పిల్లలకు బొమ్మలు చూపి, మామూలు గొంతుతో ఎదురుగా కూర్చుని అడిగినప్పుడు 18 మందికి తగ్గకుండా సరిగ్గా చూపిన మాటలనే ఉంచడం నేను పాటించమని చెప్పే కొలత. పెద్దలకు సులువనిపించే మాటలు ఇక్కడ ఎన్నో రాలిపోతాయి, వాటి మీద జాలిపడకూడదు.

ఇంగ్లీషు పరీక్షలు ఒక అక్షరపు (ఒక్క అచ్చుతో పలికే) మాటలతో నిండి ఉంటాయి కనుక అరబ్బీలోనూ అలాగే ఉండాలని చాలామంది పట్టుబడతారు. అరబ్బీ మాటలు మూడు హల్లుల ధాతువు చుట్టూ అచ్చులను అల్లుకొని పెరుగుతాయి. పిల్లలకు తెలిసిన నామవాచకాల్లో ఎక్కువ భాగం రెండు అక్షరాలకు తక్కువ ఉండవు. బాబ్, ఫీల్, బేత్ (ఇల్లు), మోజ్ (అరటిపండ్లు) వంటివి దొరికినంత వాడుకొని, మిగిలిన చోట రెండు అక్షరాల మాటలను ఒప్పుకోవాలి. అయితే రెండు రకాలనూ ఒకే పుటలో కలపకూడదు. కలిపితే బిడ్డ హల్లులేవీ వినకపోయినా మాట పొడవును బట్టి పోల్చుకుంటుంది.

పిల్లలు ధ్వనులను పలకడం నేర్చే వరుసను కూడా చూసుకోవాలి. అమాయ్రే, డైసన్ 1998లో జోర్డాన్ పిల్లల మీద ప్రచురించిన పరిశీలన ప్రకారం బ, త, ద, క, ఫ, మ, న, ల వంటివి ముందుగా కుదురుతాయి; బరువుగా పలికే హల్లులు, దంతాల మధ్య నాలుక పెట్టి పలికేవి ఆరేళ్లు దాటినా కుదురుకుంటూనే ఉంటాయి. బొమ్మ చూపే పరీక్షలో ఇది పెద్ద అడ్డంకి కాదు, ఎందుకంటే పలకలేని ధ్వనిని కూడా బిడ్డ విని పోల్చుకోగలదు. మాటను తిరిగి చెప్పించే పరీక్షలో మాత్రం, తప్పు చెవిదా నోటిదా అన్నది తేలకుండా పోతుంది. ఆరేళ్ల లోపు వారికి బొమ్మల పరీక్షనే సూచించడానికి ఇదే ముఖ్య కారణం.

పరీక్ష మాటల పట్టీలోని హల్లుల నిష్పత్తి భాషలోని నిష్పత్తితో సరితూగాలన్న పాత నియమం గురించి కూడా ఒక మాట. 25 మాటల్లో ఆ సమతూకం నామమాత్రమే. పైగా మనకు దొరికే లెక్కలు ఎక్కువగా ఫుస్‌హావి. ఇంటి భాషలో కనుమరుగైన ధ్వనులకు అవి బరువు పెడతాయి. దానికన్నా, ముఖ్యమైన ధ్వని తేడాలన్నీ పరీక్షలోకి వచ్చాయా అని చూసుకోవడం మేలు.

నాలుగో అడుగు: జంటలను కూర్చడం

పరీక్ష ప్రాణం పక్క బొమ్మల్లో ఉంటుంది. అమ్మాన్ ఇంటి భాషలో రాస్ (తల), కాస్ (గ్లాసు), ఫాస్ (గొడ్డలి) అనేవి మొదటి హల్లు తప్ప పూర్తిగా ఒకటే. అలాగే ఫార్, నార్, దార్ (ఇల్లు). ఇటువంటి పుటల్లో సరైన జవాబు రావాలంటే ఆ ఒక్క హల్లును వినడం తప్ప మరో దారి లేదు. అచ్చు తేడాకు ఫీల్ (ఏనుగు), ఫూల్ (ఉడికించిన బాకలా గింజలు) అద్భుతమైన జంట. ఫూల్ తెలియని బిడ్డ ఆ ప్రాంతంలో అరుదు.

హల్లు ద్విత్వం అరబ్బీలో అర్థాన్ని మార్చేస్తుంది. గుడికీ గుడ్డికీ తేడా తెలిసిన తెలుగువారికి దీన్ని విడమరచి చెప్పనవసరం లేదు. హమామ్ అంటే పావురాలు, హమ్మామ్ అంటే స్నానాల గది. రెండూ బొమ్మకు ఒదుగుతాయి. ఈ తేడా హల్లు నిలిచే కాలంలో ఉంటుంది కనుక, సూక్ష్మమైన పౌనఃపున్య భేదాలను పట్టలేని కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పిల్లలు కూడా దీన్ని తరచుగా పట్టుకోగలరు. ఇంగ్లీషు నుంచి తెచ్చిన పరీక్షల్లో ఈ తేడాకు చోటే ఉండదు.

బరువు హల్లులకు తీన్ (అంజూరం), బరువు తకారంతో పలికే తీన్ (బురద) మంచి జంట. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి: బరువు హల్లు గుర్తు ఆ హల్లులోనే కాక, పక్కనున్న అచ్చులోనూ ఉంటుంది, అచ్చు రెండో అనునాద పౌనఃపున్యం (ఫార్మంట్) కిందికి దిగుతుంది. పై పౌనఃపున్యాలు వినబడని బిడ్డ కూడా దాన్ని పట్టుకోవచ్చు. అందువల్ల ఈ జంటలో వచ్చిన మంచి మార్కును "సకార, షకారాలు కూడా వింటుంది" అన్నదానికి రుజువుగా తీసుకోకూడదు. ఆ రెండింటి శక్తి పై పౌనఃపున్యాల్లో ఉంటుంది, వాటికి వేరే పుటలు ఉండాలి.

అయిదో అడుగు: బొమ్మలు

ఒకే చిత్రకారుడు, ఒకే శైలి, ఒకే పరిమాణం, తెల్లని నేపథ్యం. ఒక బొమ్మ రంగుల్లో మెరిసి మిగతావి వెలవెలబోతే పిల్లల వేలు దానివైపే పోతుంది. అరబ్బీ పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటుంది కనుక పుటల క్రమం కూడా అలాగే ఉండాలి. సరైన బొమ్మ నాలుగు మూలల్లోనూ సమానంగా వచ్చేలా చూడాలి. "దార్" అన్నప్పుడు చూపే ఇల్లు అమ్మాన్ కొండల మీద కనిపించే తెల్లరాతి, చదును పైకప్పు ఇల్లులా ఉండాలి. ఏటవాలు పెంకుల ఇల్లు గీస్తే కొందరు పిల్లలకు అది కథల్లోని వస్తువే అవుతుంది.

ఆరో అడుగు: ముందు వాక్యం, రికార్డింగ్

మాటకు ముందు ఒక చిన్న వాక్యం వినిపించడం ఆనవాయితీ. అరబ్బీలో అక్కడే తెలియకుండా జవాబు బయటపడిపోతుంది. నిర్దేశక ప్రత్యయం "ఇల్" తర్వాత వచ్చే హల్లును బట్టి మారుతుంది: ఇల్-ఫార్ అంటారు, కానీ ఇన్-నార్, ఇద్-దార్ అంటారు. "ఇల్-ఫార్ ఎక్కడ?" అని అడిగితే లకారం వినబడగానే నార్, దార్ ఆటలో నుంచి తప్పుకుంటాయి, "ఇన్-నార్" అంటే పరీక్షించవలసిన నకారం రెండింతలు పొడవుగా వినిపిస్తుంది. ఇక "చూడు" అనే క్రియ పిల్లవాడికి "షూఫ్", పిల్లకు "షూఫీ" కనుక రెండు రికార్డింగులు కావలసి వస్తాయి. ఈ రెండు చిక్కులనూ తప్పించేది "హోన్ ఫీ..." (ఇక్కడ ఉంది...) అనే వాక్యం. దాని తర్వాత ప్రత్యయం లేని మాట సహజంగా వస్తుంది, లింగభేదమూ ఉండదు.

చదివేవారు అమ్మాన్‌లోనే పెరిగిన స్త్రీ అయితే మంచిది. పిల్లలు రోజంతా వినే గొంతు అదే. వార్తలు చదివే అలవాటున్నవారిని తీసుకుంటే, ఎంత చెప్పినా ఫుస్‌హా వైపు జారుతారు. నిశ్శబ్దమైన గదిలో 44,100 హెర్ట్జ్, 24 బిట్లతో ఒక్కో మాటను మూడు నాలుగు సార్లు రికార్డు చేసి, స్థానికులైన ముగ్గురు విని సహజమైనదాన్ని ఎంచాలి. తర్వాత మాటలన్నింటి సగటు శక్తిని సమం చేసి, అదే స్థాయిలో 1000 హెర్ట్జ్ కొలత ధ్వనిని రికార్డింగ్ మొదట్లో ఉంచాలి. మాటల ఆడియోమెట్రీ పద్ధతులను చెప్పే ఐఎస్ఓ 8253-3 ప్రమాణాన్ని ఈ దశలో దగ్గర పెట్టుకోవాలి. ఎదురుగా కూర్చుని నోటితో చెప్పే పద్ధతి ఎంత సులువైనా, ఈ రోజు ఫలితాన్ని ఆరు నెలల తర్వాతి ఫలితంతో పోల్చడానికి పనికిరాదు.

ఏడో అడుగు: పెద్దలతో తూకం వేయడం

సగటు శక్తి సమానమైనంత మాత్రాన మాటలు సమాన కష్టంతో ఉండవు. వినికిడి బాగున్న 12 మందికి తగ్గకుండా అమ్మాన్ పెద్దలకు ప్రతి మాటనూ చాలా తక్కువ స్థాయి నుంచి మొదలుపెట్టి అయిదారు స్థాయిల్లో వినిపించి, ఏ స్థాయిలో సగం మంది సరిగ్గా గుర్తించారో గీత గీయాలి. సగటుకు 3 డెసిబెల్స్ లోపు తేడా ఉన్న మాటల స్థాయిని ఆ మేరకు సర్దవచ్చు. అంతకు మించితే మాటనే తీసేయాలి. మిగిలినవాటిని 25 చొప్పున పట్టీలుగా పంచి, పట్టీల సగటులు ఒకటేనని మళ్లీ సరిచూడాలి.

ఎనిమిదో అడుగు: పిల్లలతో ప్రమాణాలు

మూడు, నాలుగు, అయిదేళ్ల వయసులకు ఒక్కో బృందంలో కనీసం 30 మంది, బాలికలూ బాలురూ సమానంగా. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, సంస్థ నీతి సమితి ఆమోదం లేకుండా ఒక్క బిడ్డనూ కూర్చోబెట్టకూడదు. ఈ వయసులో మధ్యచెవిలో నీరు చేరడం మామూలు కనుక, 20 డెసిబెల్స్ దగ్గర వినికిడి పరీక్షతోపాటు మధ్యచెవి స్థితిని చూపే టింపనోమెట్రీ పరీక్ష కూడా అదే రోజు చేయాలి. అమ్మాన్‌లో సిరియా, ఇరాక్ నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో ఏ మాట వాడతారో అడిగి రాసుకోవాలి. బజ్జూనా అనే ఇంట్లో పెరిగిన బిడ్డ బిస్సెను గుర్తించకపోతే ఆ తప్పు పరీక్షది.

తర్వాత వినికిడి లోపం ఉన్న పిల్లలకు ఇదే పరీక్ష పెట్టి, లోపం తీవ్రత పెరిగేకొద్దీ మార్కులు తగ్గుతున్నాయో లేదో చూడాలి. తగ్గకపోతే పక్క బొమ్మలు చాలినంత దగ్గరగా లేవని అర్థం. నాలుగో అడుగుకు తిరిగి వెళ్లాలి. కొందరిని రెండు వారాల తర్వాత మళ్లీ పరీక్షించి, ఫలితం నిలకడను చూడాలి.

తొమ్మిదో అడుగు: మార్కులకు అర్థం చెప్పడం

నాలుగు బొమ్మల్లో కళ్లు మూసుకుని చూపినా నాలుగో వంతు సరిపోతాయి. 25 మాటల పట్టీలో 11 లేదా అంతకన్నా ఎక్కువ సరైనవి వస్తేనే బిడ్డ ఊహతో కాక వినికిడితో చూపిందని చెప్పడానికి ఆధారం ఉంటుంది. ఊహ వాటాను తీసేయాలంటే, వచ్చిన శాతం నుంచి 25 తీసి 75తో భాగించాలి. 70 శాతం వచ్చిన బిడ్డ అసలు మార్కు 60 శాతం.

రెండు పరీక్షల మధ్య తేడాను చదవడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. థార్న్‌టన్, రాఫిన్ 1978లో చూపినట్లు మార్కులోని అనిశ్చితి మాటల సంఖ్య మీద ఆధారపడుతుంది. 80 శాతం దగ్గర 25 మాటల పట్టీలో ఈ ఊగిసలాట (ప్రామాణిక విచలనం) 8 పాయింట్లు. రెండు మార్కుల మధ్య దాదాపు 22 పాయింట్ల తేడా ఉంటేనే నిజమైన మార్పు అనగలం. 50 మాటలైతే అది సుమారు 16కు దిగుతుంది. కొత్త యంత్రంతో బిడ్డ 72 నుంచి 84కు వెళ్లిందని తల్లి సంతోషపడుతున్నప్పుడు, 25 మాటల మీద అది ఇంకా నిర్ధారణ కాలేదని మృదువుగా చెప్పి, రెండో పట్టీని కూడా పెట్టి చూడడం మన బాధ్యత.

ఆరేళ్లు దాటినవారికి తిరిగి చెప్పించే పరీక్షను తయారు చేసేటప్పుడు, మాటకు ఒక మార్కు కాకుండా ధ్వనికొక మార్కు ఇవ్వాలి. బూత్‌రాయిడ్ 1968లో చేసినట్లు పది మాటల్లో 30 ధ్వనులు వస్తాయి. "బాబ్"ను "బాద్" అన్న బిడ్డకు రెండు మార్కులు దక్కుతాయి, ఏ ధ్వని జారిపోతోందో కూడా కనబడుతుంది.

పరీక్షను ఇతరులకు ఇచ్చేటప్పుడు బొమ్మలు, రికార్డింగులతోపాటు ఒక కాగితం తప్పక జతచేయాలి: ఏ నగరపు ఏ మాట తీరులో తయారైంది, ఏ ధ్వనులను కావాలని వదిలేశాం, పిల్లల వయసు ఎంత, వినిపించిన స్థాయి ఎంత. బస్రాలోనో మస్కట్‌లోనో కూర్చున్న మరో నిపుణురాలు ఆ కాగితాన్ని చూసి, ఏ పుటలను అలాగే ఉంచవచ్చో, ఏవి తన ఊరి పిల్లలతో మూడో అడుగు నుంచి మళ్లీ చేయాలో తేల్చుకుంటుంది.